తనిఖీకి నిలిచే మాట

నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద గోదావరి తెలంగాణలోకి ప్రవేశిస్తుంది. నిజాంసాగర్ కాలువల ద్వారా బోధన్ చెరకు పొలాలను తడిపిన మంజీర, హరిద్రతో పాటు అక్కడే దానిలో కలుస్తుంది. బాసర దాటి, పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ జలాశయంలో నిలిచి, ధర్మపురి, మంథని, కాళేశ్వరం మీదుగా సాగే ఆ ప్రవాహంలో కొంత నీరు భద్రాచలం చేరకముందే అశ్వాపురంలోని ఒక కర్మాగారానికి మళ్లుతుంది. మణుగూరు భారజల కర్మాగారంగా పేరుపొందిన ఆ సంస్థ 1991 డిసెంబరులో ఉత్పత్తి ప్రారంభించింది. దాని వార్షిక సామర్థ్యం 185 టన్నులు. సామూహిక సంహారక ఆయుధాల విషయంలో భారతదేశం ఏం చేయగలదో, ఏం చేయనని ప్రపంచానికి మాట ఇచ్చిందో తెలుసుకోవడానికి తెలుగు పాఠకుడు ట్రాంబే వరకో పోఖ్రాన్ వరకో వెళ్లనక్కరలేదు. ఆ కథలోని ముఖ్యమైన అంకాలన్నీ తెలుగు నేల మీదే కనిపిస్తాయి.

భారజలం విషం కాదు, దానికి రేడియోధార్మికత కూడా లేదు. నీటిలోని హైడ్రోజన్ పరమాణువుల కేంద్రకంలో సాధారణంగా ఒక ప్రోటాన్ మాత్రమే ఉంటుంది. సుమారు 6,500 పరమాణువులకు ఒకదానిలో మాత్రం ప్రోటాన్‌కు తోడుగా ఒక న్యూట్రాన్ కూడా ఉంటుంది. ఇలా రెట్టింపు బరువుండే హైడ్రోజన్‌ను డ్యుటీరియం అనీ, అది ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడిన నీటిని భారజలం అనీ అంటారు. మామూలు నీటి కంటే ఇది దాదాపు 11 శాతం బరువైనది, 3.8 డిగ్రీల సెల్సియస్ వద్దనే గడ్డకడుతుంది. ఏ బావి నీటిలోనైనా, ఏ చెరువు నీటిలోనైనా ఇది లేశమాత్రంగా ఉంటుంది కనుక దాన్ని వేరుచేయడమే అసలు శ్రమ. మణుగూరులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును నీటితో ఎత్తైన స్తంభాలలో కలుపుతారు; చల్లని స్తంభంలో డ్యుటీరియం నీటి వైపు, వేడి స్తంభంలో వాయువు వైపు మొగ్గే స్వభావాన్ని ఆధారం చేసుకుని, ఆ మార్పిడిని పదేపదే జరిపి, చివరికి స్వచ్ఛమైన భారజలాన్ని రాబడతారు. ఆ వాయువు ప్రాణాంతకం, ఆ పనికి కావలసిన ఆవిరి అపారం. సింగరేణి బొగ్గు, గోదావరి నీరు ఒకేచోట దొరకడం మణుగూరుకు ఉన్న సౌలభ్యం.

ఇంత శ్రమ ఎందుకన్నదానికి సమాధానం యురేనియంలో ఉంది. భూమిలో దొరికే యురేనియంలో విచ్ఛిత్తికి సులభంగా లోనయ్యే 235 రకం 0.7 శాతమే ఉంటుంది, మిగిలినదంతా దాదాపుగా 238 రకం. రియాక్టరులో శృంఖల చర్య నిలకడగా సాగాలంటే న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించే పదార్థం కావాలి; దాన్ని మితకారి అంటారు. మామూలు నీరు న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించినా వాటిలో కొన్నింటిని మింగేస్తుంది కాబట్టి దానితో నడిచే రియాక్టరుకు శుద్ధి చేసి 235 రకం శాతాన్ని పెంచిన ఇంధనం అవసరమవుతుంది. భారజలం న్యూట్రాన్లను చాలా తక్కువగా గ్రహిస్తుంది కనుక గనిలోంచి తీసిన యురేనియాన్నే, శాతం పెంచకుండానే, ఇంధనంగా వాడుకోవచ్చు. శుద్ధి పరిజ్ఞానం లేని దేశానికి ఇది పెద్ద వెసులుబాటు. అయితే అదే రియాక్టరులో 238 రకం యురేనియం ఒక న్యూట్రాన్‌ను గ్రహించి, రెండు మార్పుల తర్వాత ప్లుటోనియం 239గా మారుతుంది. ఆ ప్లుటోనియం విద్యుత్తుకూ పనికివస్తుంది, బాంబుకూ పనికివస్తుంది. ఇలా ఒకే వస్తువు శాంతికీ సంహారానికీ ఉపయోగపడడాన్ని ద్వంద్వ వినియోగం అంటారు. ఆయుధ నియంత్రణలోని చిక్కులన్నిటికీ మూలం ఇదే.

ఆ చిక్కు ప్రపంచానికి మొదట స్పష్టంగా తెలిసింది భారతదేశం వల్లనే. కెనడా సహాయంతో ట్రాంబేలో నిర్మించిన సైరస్ పరిశోధన రియాక్టరు 1960 జూలైలో పనిచేయడం మొదలుపెట్టింది. దానికి భారజలాన్ని అమెరికా ఇచ్చింది. రెండు దేశాలూ శాంతియుత ప్రయోజనాలకే అన్న షరతు పెట్టాయి. సైరస్ ఇంధనం నుంచి వేరుచేసిన ప్లుటోనియంతో 1974 మే 18న పోఖ్రాన్‌లో పేలుడు జరిపినప్పుడు, అది శాంతియుత అణు విస్ఫోటనమని భారత్ ప్రకటించింది. గనుల తవ్వకానికీ కాలువల నిర్మాణానికీ అణు పేలుళ్లు వాడవచ్చన్న ఊహ ఆ రోజుల్లో అమెరికాలోనూ సోవియట్ యూనియన్‌లోనూ బలంగా ఉండేది కనుక ఆ మాట పూర్తిగా నిరాధారం కాదు. కానీ భౌతికశాస్త్రానికి శాంతియుతమైన పేలుడు, యుద్ధపు పేలుడు అనే తేడా తెలియదు. షరతు రాసినవారు దాన్ని తనిఖీ చేసే మార్గాన్ని రాయలేదు. కెనడా సహకారం నిలిపేసింది. యంత్రాలు, పదార్థాలు అమ్మే దేశాలు లండన్‌లో సమావేశమై ఉమ్మడి నియమాలు రూపొందించుకున్నాయి. అదే తర్వాత అణు సరఫరాదారుల బృందంగా స్థిరపడింది. బయటి నుంచి భారజలం రావడం కష్టమైనందునే స్వదేశీ భారజల కర్మాగారాల నిర్మాణం అత్యవసరమైంది. ఆ వరుసలో వచ్చినదే మణుగూరు. వ్యాప్తిని ఆపాలని విధించిన ఆంక్ష స్వావలంబనకు దారితీయడం ఈ రంగంలో మళ్లీ మళ్లీ కనిపించే విషయం.

ప్రపంచంలో అణ్వాయుధాల వ్యాప్తిని అరికట్టే ప్రధాన ఒప్పందం 1968లో సంతకాలకు సిద్ధమై 1970 మార్చి 5న అమల్లోకి వచ్చింది. 1967 జనవరి 1కి ముందు అణు పేలుడు జరిపిన దేశాలనే అది అణ్వాయుధ దేశాలుగా గుర్తిస్తుంది. ఆ నిర్వచనం ప్రకారం అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా మాత్రమే ఆ వర్గంలోకి వస్తాయి. మిగిలిన దేశాలు ఆయుధాలు వదులుకుని తమ అణు కేంద్రాలన్నిటినీ వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీకి తెరవాలి. ఆ అయిదు దేశాలు మాత్రం నిరాయుధీకరణ కోసం సద్భావంతో చర్చలు జరపాలి. ఒక తేదీకి ముందు చేసినవాడికి ఒక న్యాయం, తర్వాత చేసినవాడికి మరో న్యాయం అనే ఈ ఏర్పాటును వివక్షగా భావించి భారత్ సంతకం చేయలేదు. ఆ అభ్యంతరంలో న్యాయముంది. సద్భావ చర్చలు మొదలై అర్ధశతాబ్దం దాటినా, స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ సిప్రి అంచనా ప్రకారం 2025 జనవరి నాటికి ప్రపంచంలో 12,200 పైచిలుకు అణ్వాయుధాలున్నాయి; వాటిలో దాదాపు 90 శాతం రష్యా, అమెరికాలవే. భారత్ వద్ద సుమారు 180 ఉన్నాయని అదే సంస్థ అంచనా.

అయితే సంతకం చేయకపోవడం, కట్టుబాటు లేకపోవడం ఒకటి కావు. భారత్ ఇచ్చిన మాటలను పరిశీలిస్తే వాటి స్వభావం ఒకేలా ఉండదు. కొన్నింటికి లిఖితపూర్వకమైన ఒప్పందమూ ఉంది, పరాయి దేశాల నిపుణులు వచ్చి చూసే హక్కూ ఉంది. కొన్నింటికి ఒప్పందం ఉన్నా చూసే ఏర్పాటు లేదు. అత్యంత ప్రమాదకరమైన అణ్వాయుధాల విషయంలో ఉన్నది మాత్రం ప్రధానంగా ప్రభుత్వం తనంతట తాను ప్రకటించిన మాట. ఇది చిన్న తేడా కాదు. మాట ఎంత గొప్పదైనా, అది నిలబడుతున్నదో లేదో ఎదుటివాడికి తెలిసే మార్గం లేనప్పుడు అతడు దాన్ని లెక్కలోకి తీసుకోడు, తన ఆయుధాలను తగ్గించుకోడు.

ఈ మూడు రకాల మాటలలోనూ కీలక ఘట్టాలు ఒక తెలుగు ప్రధానమంత్రి కాలంలో సంభవించాయి. 1995లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోఖ్రాన్‌లో రహస్యంగా పరీక్షా సన్నాహాలు చేసింది. అమెరికా నిఘా ఉపగ్రహాలు వాటిని పసిగట్టగా డిసెంబరులో ఆ వార్త న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వెలువడింది. ఒత్తిడి పెరగడంతో పరీక్ష జరగలేదు. 1996లో పదవి వదిలేటప్పుడు బాంబు సిద్ధంగా ఉన్నదని పీవీ తనకు చెప్పారని, ఆయన మరణానంతరం 2004లో అటల్ బిహారీ వాజ్‌పేయి వెల్లడించారు. ఆ వాజ్‌పేయి ప్రభుత్వమే 1998 మే 11, 13 తేదీల్లో అయిదు పరీక్షలు జరిపి, ఆ వెంటనే ఇక పరీక్షలు జరపబోమని స్వచ్ఛందంగా ప్రకటించింది. 2003 జనవరి 4న ప్రకటించిన విధానం ప్రకారం భారత్ అణ్వాయుధాన్ని ముందుగా ప్రయోగించదు, ఎదుటివారి దాడికి ప్రతిగానే ప్రయోగిస్తుంది. అణ్వాయుధం లేని దేశాలపై ప్రయోగించదు. దాడిని నివారించడానికి చాలినంత కనీస సంఖ్యలోనే ఆయుధాలు ఉంచుకుంటుంది. ప్రయోగానికి అనుమతి ఇచ్చే అధికారం ప్రధానమంత్రి అధ్యక్షతన ఉండే రాజకీయ మండలిదే. ఇందులో ఒక మినహాయింపు కూడా ఉంది: భారత్‌పై గానీ, ఎక్కడైనా భారత బలగాలపై గానీ జీవాయుధాలతో, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే అణ్వాయుధంతో బదులిచ్చే అవకాశాన్ని ప్రభుత్వం అట్టిపెట్టుకుంది. ముందుగా ప్రయోగించబోమన్న మాటకు ఈ మినహాయింపు కొంత సడలింపు తెచ్చింది. దీనిపై జరగవలసినంత చర్చ దేశంలో జరగలేదు.

ఆయుధం ఉండడంతోనే శక్తి వచ్చినట్లు కాదు, దాన్ని లక్ష్యానికి చేర్చే వాహకం ఉండాలి. ఆ పని చాలావరకు హైదరాబాద్ నగరానిది. 1983లో ఎ.పి.జె. అబ్దుల్ కలాం నాయకత్వంలో ఇక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాల కేంద్రంగా క్షిపణుల సమగ్ర కార్యక్రమం మొదలైంది. పృథ్వి 1988 ఫిబ్రవరిలో, అగ్ని 1989 మేలో తొలిసారి ఎగిరాయి. అగ్ని శ్రేణిని రూపొందించే అధునాతన వ్యవస్థల ప్రయోగశాల, క్షిపణులను తయారుచేసే భారత్ డైనమిక్స్, వాటికి కావలసిన ప్రత్యేక లోహాలను పోసే మిధాని, అణు రంగానికి నియంత్రణ పరికరాలు అందించేందుకు అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్, అన్నీ ఈ నగరంలోనే ఉన్నాయి. 5,000 కిలోమీటర్లకు మించి వెళ్లే అగ్ని 5 తొలి పరీక్ష 2012 ఏప్రిల్ 19న జరిగింది; ఒకే క్షిపణి నుంచి అనేక వార్‌హెడ్లను వేర్వేరు లక్ష్యాలకు పంపే పరిజ్ఞానాన్ని 2024 మార్చి 11న పరీక్షించారు. సముద్రం నుంచి ప్రయోగించే శక్తికి విశాఖపట్నం ఆధారం: అణుశక్తితో నడిచే అరిహంత్ జలాంతర్గామి 2009 జూలై 26న అక్కడే జలప్రవేశం చేసింది, రెండవదైన అరిఘాత్ 2024 ఆగస్టు 29న అక్కడే నౌకాదళంలో చేరింది. సముద్రగర్భంలో దాగిన జలాంతర్గామిని శత్రువు ముందుదాడిలో నాశనం చేయలేడు కాబట్టి, ముందుగా ప్రయోగించబోమనే విధానానికి అదే నమ్మకమైన ఆధారమని వ్యూహకర్తలు చెబుతారు. అయితే ఒక క్షిపణిపై అనేక వార్‌హెడ్లు అమర్చే పద్ధతి అదే వాదనకు ఎదురు తిరుగుతుంది. తక్కువ క్షిపణులతో ఎక్కువ లక్ష్యాలను దెబ్బతీయగలిగితే పొరుగు దేశం అనుమానించడం సహజం. కనీస సంఖ్య అన్న మాటకు అర్థం ఎంతన్నది మళ్లీ ప్రశ్నగా మారుతుంది.

నియంత్రణ నియమాలు ఒక్కోసారి యంత్రం రూపురేఖలనే నిర్ణయిస్తాయి. 500 కిలోల బరువును 300 కిలోమీటర్లకు మించి మోసుకెళ్లే క్షిపణుల ఎగుమతిని 1987లో ఏర్పడిన క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ వ్యవస్థ కట్టడి చేస్తుంది. రష్యా అందులో సభ్యదేశం, అప్పటికి భారత్ సభ్యదేశం కాదు; అందుకే రెండు దేశాలు కలిసి రూపొందించిన బ్రహ్మోస్ క్షిపణి పరిధిని 290 కిలోమీటర్లకు పరిమితం చేశారు. 2016 జూన్ 27న భారత్ ఆ వ్యవస్థలో చేరిన తర్వాత 2017 మార్చిలోనే పెంచిన పరిధితో పరీక్ష జరిగింది. ఆ తర్వాత భారత్ 2017 డిసెంబరులో సంప్రదాయ ఆయుధాల ఎగుమతులకు సంబంధించిన వాసెనార్ ఏర్పాటులోనూ, 2018 జనవరి 19న రసాయన, జీవ పదార్థాల ఎగుమతులను నియంత్రించే ఆస్ట్రేలియా బృందంలోనూ చేరింది. నాలుగవదైన అణు సరఫరాదారుల బృందంలో ప్రవేశానికి చైనా అభ్యంతరం అడ్డుగా నిలిచింది. 1974 పేలుడు కారణంగా పుట్టిన బృందమది.

అదే బృందం 2008 సెప్టెంబరు 6న భారత్‌కు అరుదైన మినహాయింపు ఇచ్చింది. దానికి ముందు 2005 జూలై 18న అమెరికాతో కుదిరిన అవగాహన ప్రకారం భారత్ తన అణు కేంద్రాలను పౌర, సైనిక విభాగాలుగా విడదీసింది. అప్పటికి నడుస్తున్నవీ నిర్మాణంలో ఉన్నవీ కలిపి 22 విద్యుత్ రియాక్టర్లలో 14 అంతర్జాతీయ తనిఖీ కిందికి వచ్చాయి. తనిఖీ అంటే ఊరికే చుట్టూ తిరిగి చూడడం కాదు. ఎంత ఇంధనం లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది, వాడిన ఇంధనం ఎక్కడుంది అన్న లెక్కలను నిపుణులు సరిచూస్తారు. సీళ్లు వేస్తారు, కెమెరాలు అమరుస్తారు. 8 కిలోల ప్లుటోనియం లెక్కకు అందకపోతే దాన్ని ఆయుధానికి సరిపోయే మొత్తంగా ఆ సంస్థ పరిగణిస్తుంది కాబట్టి వేల కిలోల మధ్య ఆ కొద్దిపాటి తేడాను పట్టుకోవడమే దాని విద్య. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఈ విభజనకు మంచి ఉదాహరణ. 1971లో ఏర్పడిన ఆ సంస్థ దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధన కడ్డీలు, వాటిపై జిర్కోనియం మిశ్రలోహపు తొడుగులు తయారుచేస్తుంది. విభజన ప్రణాళికలో మొత్తం ప్రాంగణాన్ని కాకుండా అందులోని కొన్ని నిర్దిష్ట విభాగాలనే తనిఖీకి కేటాయించారు. భారజల కర్మాగారాల్లో మహారాష్ట్రలోని థాల్, తమిళనాడులోని తూత్తుకుడి, గుజరాత్‌లోని హజీరాలను పౌర జాబితాలో చేర్చారు. మణుగూరు ఆ జాబితాలో లేదు.

ఈ విభజనను కొందరు భారత్ సాధించిన గొప్ప విజయమంటారు, మరికొందరు నియమాలకు తూట్లు పొడవడమంటారు. రెండు అభిప్రాయాల్లోనూ కొంత నిజముంది. పౌర రియాక్టర్లకు విదేశీ యురేనియం దొరకడం వల్ల కడప జిల్లా తుమ్మలపల్లె వంటి స్వదేశీ గనుల నుంచి వచ్చే ఖనిజాన్ని సైనిక అవసరాలకు మళ్లించే వీలు ఏర్పడిందన్న విమర్శను కొట్టిపారేయలేము. మరోవైపు, సైరస్ రియాక్టరును 2010 డిసెంబరు 31న శాశ్వతంగా మూసివేయడం, తనిఖీ అధికారాలను విస్తరించే అదనపు ఒడంబడికను 2014 జూలైలో అమల్లోకి తేవడం కూడా ఈ అవగాహన ఫలితాలే. ఇక్కడ ముఖ్యమైనది వేరే ఉంది: ఆయుధ తయారీకి వాడగల ప్లుటోనియం ఉత్పత్తిని నిలిపివేస్తామన్న మాట భారత్ ఎన్నడూ ఇవ్వలేదు, అలాంటి ప్రపంచ ఒప్పందం కోసం జెనీవాలో చర్చలు జరిగితే పాల్గొంటామని మాత్రమే చెబుతూ వచ్చింది.

అణ్వాయుధాల విషయంలో కనిపించని తెగువ రసాయన ఆయుధాల విషయంలో భారత్ చూపింది. దేశంలో దీనికి దక్కవలసిన గుర్తింపు దక్కలేదు. 1992 ఆగస్టులో భారత్, పాకిస్తాన్ రసాయన ఆయుధాలను తయారుచేయబోమని, సేకరించబోమని, ప్రయోగించబోమని ఉమ్మడిగా ప్రకటించాయి. 1993 జనవరిలో ప్యారిస్‌లో రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం సంతకాలకు వచ్చినప్పుడు పీవీ ప్రభుత్వం తొలి రోజుల్లోనే సంతకం చేసింది. 1996 సెప్టెంబరులో తర్వాతి ప్రభుత్వం దాన్ని ధ్రువీకరించింది. 1997లో ఒప్పందం అమల్లోకి రాగానే, తన దగ్గర సుమారు 1,044 టన్నుల సల్ఫర్ మస్టర్డ్ ఉన్నదని భారత్ అధికారికంగా వెల్లడించింది. అంతవరకూ ఆ సంగతి దేశ ప్రజలకు తెలియదు. ఆవాలతో ఏ సంబంధమూ లేని ఈ పదార్థం చర్మాన్ని, కళ్లను, ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది. 1917లో బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్ సైన్యం దీన్ని తొలిసారి ప్రయోగించింది. హేగ్ నగరంలోని రసాయన ఆయుధాల నిషేధ సంస్థ నిపుణులు పర్యవేక్షిస్తుండగా ఆ నిల్వలన్నిటినీ ధ్వంసం చేయడం 2009 మార్చిలో పూర్తయింది. అల్బేనియా, దక్షిణ కొరియాల తర్వాత ఈ పని ముగించిన మూడవ దేశం భారత్. చివరగా అమెరికా 2023 జూలైలో తన నిల్వలను నాశనం చేయడంతో ప్రపంచంలో ప్రకటిత రసాయన ఆయుధ నిల్వలు లేకుండాపోయాయి.

ఈ ఒప్పందం సైనిక గిడ్డంగుల దగ్గర ఆగలేదు, పొలాల దాకా వచ్చింది. జక్రాన్‌పల్లి, ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల్లో వరికీ మొక్కజొన్నకూ పసుపుకూ చీడ పట్టినప్పుడు రైతులు ఫర్టిలైజర్ షాపు నుంచి తెచ్చే పురుగుమందుల్లో చాలాకాలంగా ఆర్గానోఫాస్ఫరస్ జాతివి ముఖ్యమైనవి. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ ఆ కోవకే చెందుతాయి. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త మంచి పురుగుమందు కోసం పరిశోధిస్తూ టాబున్‌ను కనుగొన్నాడు. నాడీ వాయువులనే ఆయుధ జాతి అక్కడ పుట్టింది. నాడి నుంచి కండరానికి ఆజ్ఞ మోసే ఎసిటైల్‌కోలిన్‌ను, పని ముగియగానే విరగగొట్టే ఎంజైము ఒకటి శరీరంలో ఉంటుంది; ఈ పదార్థాలు ఆ ఎంజైమును పనిచేయనీయవు. దానితో కండరాలు, గ్రంథులు ఆగకుండా ప్రేరేపితమై, నోట నురగ, కంటిపాప కుంచించుకుపోవడం, చివరికి శ్వాస ఆగిపోవడం సంభవిస్తాయి. పురుగుమందు తాగిన వ్యక్తికి జిల్లా ఆసుపత్రుల్లో ఇచ్చే అట్రోపిన్ ఇంజెక్షనే నాడీ వాయువు బారినపడిన సైనికుడికీ ప్రథమ చికిత్స. బంధుత్వం ఇంత దగ్గరగా ఉన్నందునే భాస్వరం, గంధకం, ఫ్లోరిన్ ఉన్న రసాయనాలను నిర్ణీత పరిమాణానికి మించి తయారుచేసే కర్మాగారాలు ఆ వివరాలను ఏటా ప్రభుత్వానికి ప్రకటించాలి. హేగ్ నుంచి వచ్చే నిపుణులు తనిఖీకి వస్తే లోపలికి అనుమతించాలి. భారత్‌లో దీన్ని అమలుచేసేది 2000 నాటి ప్రత్యేక చట్టం, కేబినెట్ సచివాలయం కింద పనిచేసే జాతీయ ప్రాధికార సంస్థ.

అత్యంత కఠినమైన మొదటి షెడ్యూలులో సైనిక నాడీ వాయువుల సరసనే రిసిన్ అనే పదార్థం ఉంది. అది పాలమూరు ప్రాంతపు మెట్ట పొలాల్లో పండే ఆముదం గింజల్లో సహజంగా ఉండే విషం. ఆముదపు నూనెలోకి అది దిగదు, నూనె తీసిన పిండిలో మిగిలినా తగిన వేడితో నశిస్తుంది కాబట్టి ఆముదపు పిండిని ఎరువుగా వాడుకునే రైతుపై ఈ ఒప్పందం ఏ ఆంక్షా విధించదు. విషాన్ని వేరుచేయడాన్నే కట్టడి చేస్తుంది. వస్తువును కాక ఉద్దేశాన్ని, పరిమాణాన్ని పట్టుకునే ఈ పద్ధతి, ద్వంద్వ వినియోగ సమస్యకు ఇంతవరకూ లభించిన పరిష్కారాల్లో ఉత్తమమైనది. అనుమానాస్పద నమూనాలను పరీక్షించేందుకు హేగ్ సంస్థ ప్రపంచంలోని కొన్ని ప్రయోగశాలలనే కఠినమైన పోటీ పరీక్షల తర్వాత గుర్తిస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు చెందిన కేంద్రం కూడా ఆ జాబితాలో చోటు సంపాదించింది.

జీవాయుధాల విషయంలో పరిస్థితి దీనికి భిన్నం. 1972లో సంతకాలకు వచ్చిన నిషేధ ఒప్పందాన్ని భారత్ 1974 జూలైలో ధ్రువీకరించింది. కానీ అందులో తనిఖీ ఏర్పాటే లేదు. టీకాలు తయారుచేసే హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో సూక్ష్మజీవులను పెంచే పాత్రలు, ప్రమాదకర వైరసులను ఉంచే భద్రమైన గదులు ఉండడం ప్రజారోగ్యానికి అత్యవసరం. అలాంటి గదిలో ఏం జరుగుతోందో ఒక దేశం మరో దేశానికి నమ్మకంగా చూపించే విధానం ఈ నాటికీ లేదు. తనిఖీ నియమావళి కోసం ఏళ్ల తరబడి సాగిన చర్చలు 2001లో అమెరికా వైదొలగడంతో కుప్పకూలాయి. ప్రైవేటు వ్యక్తులు, ఉగ్రవాద బృందాల చేతికి ఈ ఆయుధాలు చేరకుండా చూడాలని 2004లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1540వ తీర్మానంతో దేశాలన్నిటినీ ఆదేశించింది. దానికి అనుగుణంగా భారత్ 2005లో సామూహిక సంహారక ఆయుధాల చట్టం చేసి, వాటికి డబ్బు సమకూర్చడాన్ని కూడా నేరంగా చేరుస్తూ 2022లో సవరించింది.

ఇక మిగిలినది అణు పరీక్షల మాట. భూమి మీద ఎక్కడ పేలుడు జరిగినా తెలుసుకునే విద్య నేడు బాగా ఎదిగింది. భూకంపంలో రాతి పొరలు ఒకదానిమీద ఒకటి జారుతాయి కనుక మొదటి కదలిక కొన్ని దిక్కులకు తోపుగా, కొన్ని దిక్కులకు లాగుడుగా అందుతుంది. పేలుడు అన్ని దిక్కులకూ ఒకేసారి బయటికి తోస్తుంది. లోపలి తరంగాలతో పోలిస్తే ఉపరితల తరంగాల బలం పేలుడులో తక్కువగా ఉంటుంది. ఈ రెండు ఆనవాళ్లతో పాటు నేలలోంచి కారే క్సెనాన్ వాయువు జాడను కూడా కలిపి చూస్తే మోసానికి అవకాశం చాలా తక్కువ. హిందూపురానికి సమీపంలో, కర్ణాటక సరిహద్దులోని గౌరిబిదనూరులో 1960లలోనే భారత అణుశక్తి విభాగం ఇటువంటి భూకంపమాపక వ్యవస్థను నెలకొల్పింది. ఇతర దేశాల పరీక్షలను పసిగట్టడంలో భారత శాస్త్రజ్ఞులకు దశాబ్దాల అనుభవముంది.

సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం 1996లో రూపుదిద్దుకున్నా అమల్లోకి రాలేదు. అమలుకు తప్పనిసరి అని పేర్కొన్న 44 దేశాల్లో భారత్ ఒకటి, అది సంతకం చేయలేదు. అణ్వాయుధ దేశాల నిరాయుధీకరణకు గడువు పెట్టనందున అది అసంపూర్ణమన్న వాదన నాడు బలమైనదే. కానీ 1998 తర్వాత భారత్ పరీక్షలు జరపలేదు. 2008 మినహాయింపు సమయంలో సరఫరాదారుల బృందం ముందు ఆ స్వచ్ఛంద నిషేధాన్ని మళ్లీ పేర్కొంది కూడా. పాతికేళ్లకు పైగా ఆచరణలో పాటిస్తున్న మాటను తనిఖీకి లోబడే ఒప్పందంగా మార్చుకోవడం వల్ల దేశభద్రతకు కలిగే నష్టం స్వల్పం, ప్రపంచంలో కలిగే గౌరవం అధికం. ప్రత్యర్థులు సంతకం చేసే వరకూ ఆగాలన్న వాదన రసాయన ఆయుధాల విషయంలో చెల్లలేదు. అప్పుడు భారత్ తన నిల్వలను తానే బయటపెట్టి, పరాయి నిపుణులను లోపలికి పిలిచి, వాటిని నాశనం చేసింది, దానివల్ల దేశం బలహీనపడలేదు. 1988లో కుదిరిన ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్ తమ అణు కేంద్రాల జాబితాలను 1992 నుంచి ఏటా జనవరి 1న పరస్పరం అందించుకుంటూ వస్తున్నాయి. కార్గిల్ యుద్ధం తర్వాతి జనవరిలోనూ, 2002 నాటి సైనిక ప్రతిష్టంభన మధ్యలోనూ ఆ ఆనవాయితీ తప్పలేదు. అంత వైరంలోనూ అది సాధ్యమైనప్పుడు పరీక్షల నిషేధంపై సంతకం అసాధ్యమనడానికి కారణం లేదు. ఆ ప్రశ్నను పార్లమెంటులో లేవనెత్తే బాధ్యత హైదరాబాద్, విశాఖపట్నం, మణుగూరు ప్రజలు ఎన్నుకునే సభ్యుల మీద అందరికంటే ఎక్కువగా ఉంది.